షార్ట్ బ్లాక్ అడిగే ముందు కౌంటర్ చూడు

చి. సాహితికి,

బాబాయ్ ఆశీస్సులు. మెల్‌బోర్న్‌లో మంచి ఎస్ప్రెస్సో ఎక్కడ దొరుకుతుందని అడిగావు. షాపుల పేర్లు రాసి పంపొచ్చు గానీ ఆర్నెల్లలో పాతబడిపోతాయి. కాఫీ తీసే మనిషి మారితే కాఫీ మారిపోతుంది, బోర్డు మాత్రం అదే ఉంటుంది. అందుకని డబ్బులు కట్టే ముందు కౌంటర్ దగ్గర ఏం చూడాలో రాస్తున్నాను. రెండు నిమిషాల పని, ఏ ఊళ్లోనైనా పనికొస్తుంది.

నువ్వు ఫిల్టర్ కాఫీ మీద పెరిగిన పిల్లవి కాబట్టి ముందే ఒక మాట. మన డికాషన్ చుక్కచుక్కగా పావుగంట దిగుతుంది, దాని చిక్కదనంలో కొంత చికోరీదే. ఎస్ప్రెస్సోలో చికోరీ ఉండదు. 9 బార్ల ఒత్తిడితో, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు తొమ్మిది రెట్లతో, వేడినీళ్లు అర నిమిషంలో పొడిని దాటి వస్తాయి. కప్పు అడుగున ఇంత కాఫీ కనిపిస్తే, దీనికా నాలుగైదు డాలర్లు అనిపిస్తుంది. కనీసం నాలుగు మంచి చోట్ల చక్కెర లేకుండా తాగేదాకా తీర్పు చెప్పకు.

మెల్‌బోర్న్ సొంతంగా నడుపుకునే చిన్న షాపుల ఊరు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వలస వచ్చిన ఇటలీ వాళ్లు ఎస్ప్రెస్సోను అక్కడ అలవాటు చేశారు. బర్క్ స్ట్రీట్‌లోని పెల్లెగ్రీనీస్ అనే కాఫీ బార్ 1954 నాటిది. 2008లో స్టార్‌బక్స్ ఆస్ట్రేలియా మొత్తం మీద ఉన్న 84 షాపుల్లో 61 మూసేసుకుంది. డెగ్రేవ్స్ స్ట్రీట్ సందు చూడ్డానికి బావుంటుంది, కానీ కాఫీ కోసమైతే ఫిట్జ్‌రాయ్, కాలింగ్‌వుడ్, బ్రన్స్‌విక్ వైపు వెళ్లు. అక్కడ ఎస్ప్రెస్సోని షార్ట్ బ్లాక్ అంటారు. చాలా షాపులు ఉదయం ఏడుకల్లా తీసి మధ్యాహ్నం మూడు, నాలుగింటికి కట్టేస్తాయి. సాయంత్రం కాఫీ అలవాటు పక్కన పెట్టుకో. ఆదివారాలు, సెలవు రోజుల్లో బిల్లు మీద అదనంగా పది, పదిహేను శాతం వేసే చోట్లు ఉంటాయి, గుమ్మం దగ్గర చీటీ అంటించి ఉంటుంది.

తొమ్మిదిన్నర, పదకొండు మధ్య వెళ్లు. తెరిచిన వెంటనే తీసే కాఫీకి గ్రైండర్ ఇంకా కుదిరి ఉండకపోవచ్చు. ఎనిమిది గంటల రద్దీలో ఆఫీసుకి పరిగెత్తే వాళ్లందరికీ పాల కాఫీలే కావాలి, నీ ఒక్క షార్ట్ బ్లాక్ మీద ఎవరికీ దృష్టి ఉండదు.

లోపలికి వెళ్లగానే మెరిసే మిషన్ వంక చూస్తూ నిలబడకు. లక్షల ఖరీదు చేసే మిషన్ మీద కూడా చెడ్డ కాఫీ వస్తుంది. గ్రైండర్ చూడు. పైన గింజలు పోసే డబ్బా లోపలి గోడలకు జిడ్డు పట్టి పచ్చగా ఉంటే, పాత నూనె వాసన కప్పులోకి వస్తుంది. గింజలు నూనె కారుతూ నల్లగా ఉంటే మాడ్చి వేయించారన్నమాట. రెండు గ్రైండర్లుండి, ఒకటి పాల కాఫీకి, ఇంకొకటి బ్లాక్‌కి వాడుతుంటే మంచి గుర్తు. పొడి ఏ కప్పుకి ఆ కప్పు అప్పటికప్పుడు పట్టాలి. ముందే పట్టి కుప్ప పోసి ఉంచితే తిరిగొచ్చెయ్, నిమిషాల్లోనే సువాసన పోతుంది.

ఆ తర్వాత చేతులు చూడు. పిడి ఉన్న ఆ గరిటెను పోర్టాఫిల్టర్ అంటారు. అందులోని పాత పిప్పి కొట్టేసి, పొడి పోసే లోపలి బుట్టను పొడిగుడ్డతో తుడవాలి. తడి మిగిలితే నీళ్లు ఆ పక్కనుంచే దారి చేసుకుంటాయి. మిషన్‌లోంచి ఒక్క క్షణం ఉత్త నీళ్లు వదిలి పాత కాఫీ కడిగెయ్యాలి. పొడి తూకం వేయాలి, రెండు షాట్ల (షాట్ అంటే ఒక కొలత ఎస్ప్రెస్సో) బుట్టకి 18 నుంచి 20 గ్రాములు. పొడిని సమంగా సర్ది, వంకర లేకుండా నొక్కాలి. ఎంత బలంగా నొక్కారన్నది పెద్ద విషయం కాదు, ఒక పక్కకి వాలిందా లేదా అన్నదే ముఖ్యం. బిగించిన వెంటనే మీట నొక్కాలి. బిగించి పక్కవాళ్లతో కబుర్లు మొదలెడితే ఆ వేడికి పైపొర మాడుతుంది.

ఇప్పుడు ధార చూడు. ఐదారు సెకన్లకు మొదటి చుక్క, ఆపైన తేనెలా సన్నగా సాగే ధార, చివర్లో రంగు పలచబడుతుండగా ఆపెయ్యడం. 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ, 25 నుంచి 30 సెకన్లు అన్నది అక్కడ చాలామంది పట్టుకునే లెక్క. కప్పు కింద చిన్న త్రాసు ఉంటే ఆ లెక్క చూసుకుంటున్నారన్నమాట. పది, పన్నెండు సెకన్లలో జోరుగా కారిపోతే పొడి మరీ బరకగా ఉంది, కాఫీ పలచగా పుల్లగా ఉంటుంది. నలభై ఐదు సెకన్లు దాటినా చుక్కలే పడుతుంటే మరీ మెత్తగా పట్టారు, చేదెక్కుతుంది. ధార పక్కలకి చిమ్ముతుంటే పొడి మధ్యలో చీలిక పడింది. అలాంటి కప్పులో పులుపూ చేదూ రెండూ ఒకేసారి తగులుతాయి.

పాలు వేడిచేసే ఆవిరి గొట్టం మీద తెల్లగా ఎండిన పాలు కనిపిస్తే అక్కడ ఏమీ తాగకు. ఎదురుగా కనిపించేదే తుడవని వాళ్లు లోపలి గొట్టాలు కడుగుతారా?

ఎస్ప్రెస్సో మీద తేలే నురుగు చూసి మోసపోకు. రోబస్టా అనే రకం కాఫీ గింజ వేస్తే నురుగు ఎక్కువే వస్తుంది. వేయించి రెండు మూడు రోజులే అయిన గింజలో గ్యాస్ ఎక్కువుండి బుడగలు బుడగలుగా పొంగుతుంది, రుచి మాత్రం కుదరదు. వేయించిన వారం తర్వాత నుంచి నాలుగో వారం లోపు గింజ బావుంటుంది. సంచి మీద వేయించిన తేదీ ఉందేమో చూడు. ‘ఇవాళ బ్లాక్‌కి ఏ గింజ వేస్తున్నారు?’ అని అడుగు. దేశం, తోట, ఎప్పుడు వేయించారు అని చెప్పగలిగితే కూర్చో. ‘స్ట్రాంగ్‌గా ఉంటుంది’ అన్న జవాబు ఒక్కటే వస్తే ఫ్లాట్ వైట్ అనే పాల కాఫీ తాగి వచ్చెయ్, పాలు చాలా తప్పుల్ని కప్పేస్తాయి. మధ్యరకంగా అనిపిస్తే మ్యాజిక్ అడుగు. చిన్న కప్పులో ముప్పావు వంతు వచ్చే పాల కాఫీ, ఆ ఊరి ప్రత్యేకం. పాల మీద హంస బొమ్మ వేశారని మురిసిపోకు, అది పాల పనితనం.

కప్పు వచ్చాక ముందు మంచినీళ్లతో నోరు కడుక్కో. చెంచాతో ఒకసారి అడుగుదాకా కలుపు, ఎందుకంటే మొదట దిగింది చిక్కగా అడుగున, చివరది పలచగా పైన ఉంటుంది. రెండు మూడు నిమిషాల్లో తాగెయ్. పులుపు తగిలితే కంగారు పడకు, అందులో రెండు రకాలున్నాయి. మింగగానే తీపిలోకి తిరిగేది గింజ గుణం. దవడలు లాగేసి, ఎంతసేపటికీ నోట్లోంచి పోనిది తీసిన తీరులో తప్పు. ఆ రెండోదైతే మెల్లగా చెప్పు, ‘కొంచెం పుల్లగా వచ్చిందండీ, ఇంకోటి తీస్తారా’ అని. మంచి షాపు వాళ్లు ఇంకో షాట్ తీసిస్తారు. సగం పైగా తాగేశాక మాత్రం అడగకు.

ఒక మంచి షాపు దొరికిందా, మిగతావి దానంతటవే దొరుకుతాయి. రద్దీ లేనప్పుడు అక్కడి బరిస్టాని, అంటే కాఫీ తీసే మనిషిని, సెలవు రోజున మీరెక్కడ తాగుతారని అడుగు. గింజలు ఎవరు వేయిస్తారో కనుక్కుని వాళ్ల వెబ్‌సైట్ చూస్తే, ఆ గింజలు కొనే కెఫేల వివరాలు చాలాసార్లు అక్కడే ఉంటాయి. మ్యాప్‌లో చుక్కల రేటింగుల కన్నా ఫొటోలు పెద్దవి చేసి గ్రైండర్, త్రాసు కనిపిస్తాయేమో వెతుకు. హోటల్‌లో బటన్ నొక్కితే వచ్చే కాఫీ గురించి మాట్లాడుకోవడం అనవసరం. రోజుకి రెండు, మహా అయితే మూడు చాలు. అంతకు మించితే నాలుకకి తేడా తెలియదు, రాత్రి నిద్రా పట్టదు.

సెలవుల్లో ఇటలీ వెళ్తానన్నావు. అక్కడికి ఈ కొలతలు పట్టుకెళ్లకు. వాళ్ల సంప్రదాయ లెక్క ఒక కప్పుకి 7 గ్రాముల పొడి, 25 మిల్లీలీటర్ల కాఫీ, 25 సెకన్లు. గింజ ముదురుగా వేయిస్తారు, రోబస్టా కలుపుతారు, త్రాసు కనిపించదు, చక్కెర వేసుకోవడం తప్పు కాదు. ఆ రోబస్టాలో మన దేశం నుంచి వెళ్లిందీ ఉంటుంది, మన కాఫీని బాగా కొనేవాళ్లలో ఇటలీ వాళ్లు ముందుంటారు. ‘ఉన్ కఫ్ఫే’ అంటే చాలు, ఎస్ప్రెస్సో ఇస్తారు. ‘లాటె’ అంటే ఉత్త పాలు తెచ్చి పెడతారు. చాలాచోట్ల ముందు క్యాష్ కౌంటర్‌లో కట్టి, రసీదు బార్ మీద పెట్టాలి. నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే అంతకు ఎక్కువ. అక్కడే ట్రియెస్ట్ అనే ఊరు వెళ్తే పేర్లే వేరు: ఎస్ప్రెస్సో కావాలంటే ‘నేరో’ అనాలి, కాస్త పాలు కావాలంటే ‘కాపో’.

అమ్మ ఎలాగూ ఫిల్టర్ పొడి కట్టిస్తుంది. మెల్‌బోర్న్‌లో దిగేటప్పుడు ఇచ్చే కార్డులో తినే వస్తువులు ఉన్నాయని తప్పకుండా రాయి, రాయకపోతే జరిమానా. తిరిగి వచ్చేటప్పుడు నాకు పావు కిలో గింజలు తీసుకురా. పొడి వద్దు, గింజలే. వేయించి వారం దాటనివి చూసి కొను, సంచి విప్పొద్దు.

ఆశీస్సులతో,
బాబాయ్