వెళ్ళేవాళ్ళు సరే, వెళ్ళలేనివాళ్ళ సంగతో?

వాతావరణ మార్పు, వలసల మీద ప్రశ్నలు పంపమంటే చాలానే వచ్చాయండి. అన్నిటికీ చోటు చాలదు కాబట్టి ఒకేలాంటివి కలిపేసి రాస్తున్నా.

ప్రశ్న: వలసలు ఎప్పట్నించో ఉన్నవే కదా. కరువొస్తే వెళ్తారు, వానలు పడితే తిరిగొస్తారు. ఇప్పుడు కొత్తగా క్లైమేట్ వలస అనడం ఎందుకు? (ఒక రిటైర్డ్ టీచర్)

మాస్టారూ, వానలు పడితే తిరిగొస్తారు అన్నారు చూడండి, చాలాచోట్ల ఆ తిరిగి రావడమే కుదరట్లేదు. 2009లో ఐలా తుఫాను బంగ్లాదేశ్ నైరుతి తీరంలో కరకట్టలు తెంపేసింది, కొన్ని చోట్ల వాటిని మళ్ళీ పూడ్చడానికి ఏళ్ళు పట్టింది, అన్నాళ్ళూ పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీళ్ళు పొలాల్లోకి వస్తూనే ఉన్నాయి. నీళ్ళు తీసినా ఉప్పు ఊరికే పోదు కదా. వరి రాదు, గొడ్లకి గడ్డి ఉండదు, చెరువు నీళ్ళు తాగడానికి పనికిరావు, ఆడవాళ్ళు మంచినీళ్ళ కోసం బిందె పట్టుకుని చాలా దూరం నడవాలి. అలా ఒక్కోటీ చేజారిపోతుంటే ముందు ఇంట్లో ఒకరు పట్నం వెళ్తారు, తర్వాత మిగతావాళ్ళూ మూటాముల్లె సర్దుకుంటారు. ఎందుకొచ్చావని అడిగితే పని కోసం అంటారు గానీ క్లైమేట్ వల్ల అని ఎవరూ చెప్పరు, అందుకే లెక్కల్లో సరిగ్గా కనపడరు.

అట్లాగని తప్పంతా వాతావరణం మీద తోసెయ్యలేం. అదే తీరంలో రొయ్యల చెరువుల కోసం మనుషులే ఉప్పునీళ్ళు లోపలికి పెట్టిన చోట్లు కూడా ఉన్నాయి. తుఫాను ఒక పక్క, మనం చేసే పనులు ఒక పక్క, రెండూ కలిస్తేనే ఊరు ఖాళీ అవుతోంది.

ప్రశ్న: కోట్లమంది బోర్డర్లు దాటి వేరే దేశాల మీద పడతారని టీవీల్లో చెప్తున్నారు, నిజమేనా? (ఒక బ్యాంకు ఉద్యోగి)

ఎక్కువమంది దేశమే దాటరండి. వరల్డ్ బ్యాంక్ 2021 రిపోర్టు ప్రకారం ఏమీ చెయ్యకుండా కూర్చుంటే 2050 నాటికి ప్రపంచంలోని ఆరు ప్రాంతాల్లో కలిపి 21.6 కోట్లమంది దాకా తమ సొంత దేశంలోనే చోటు మారాల్సి రావచ్చు. అదే రిపోర్టులో ఇంకో మాట కూడా ఉంది, కాలుష్య వాయువులు త్వరగా తగ్గించి, పేదల్ని కూడా కలుపుకునే అభివృద్ధి చేస్తే ఈ సంఖ్య 80 శాతం దాకా తగ్గొచ్చని. మొదటి అంకె అందరూ షేర్ చేస్తారు, రెండోది ఎవరూ చెప్పరు. నాకైతే రెండోదే ముఖ్యం.

ఇంకోటి, దేశాల లోపలే ఇళ్ళు వదలాల్సి వచ్చినవాళ్ళని లెక్కపెట్టే ఐడీఎంసీ అనే జెనీవా సంస్థ ప్రకారం 2024లో ప్రకృతి విపత్తుల వల్ల జనం ఇళ్ళు వదలాల్సి వచ్చిన సందర్భాలు 4.58 కోట్లు. కానీ అందులో తుఫానుకి ముందే షెల్టర్లకి తరలించినవాళ్ళు కూడా ఉంటారు. 1970లో భోలా తుఫానుకి బంగ్లాదేశ్ ప్రాంతంలో 3 లక్షలమందికి పైగా చనిపోయారు. 2020లో ఆంఫాన్ తుఫానుకి అక్కడ 24 లక్షలమందిని ముందే తరలించారు, చనిపోయినవాళ్ళు పదుల్లోనే ఉన్నారు. ఆ 24 లక్షలమంది కూడా ఆ ఏడాది "ఇల్లు వదిలినవాళ్ళ" లెక్కలోకే వస్తారు, మరి అది మంచి వార్తే కదా!

ప్రశ్న: వాతావరణ మార్పు వల్ల దేశం దాటినవాళ్ళని శరణార్థులుగా ఎందుకు గుర్తించరు? (లా చదివే స్టూడెంట్)

1951 శరణార్థుల ఒప్పందంలో జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం, ఈ కారణాలతో వేధింపుల భయం ఉన్నవాళ్ళకే రక్షణ. సముద్రం ఎవర్నీ చూసి వేధించదు కాబట్టి వీళ్ళు అందులోకి రారు. పసిఫిక్‌లోని కిరిబాటి అనే దీవుల దేశం నుంచి వచ్చిన అయోనే టెయిటియోటా, సముద్రం పెరుగుతోందని న్యూజిలాండ్‌లో ఆశ్రయం అడిగితే ఒప్పుకోలేదు, 2015లో వెనక్కి పంపేశారు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ కూడా ఆయన కేసు ఒప్పుకోలేదు గానీ, 2020లో బయటికొచ్చిన ఆ నిర్ణయంలో ఒక తలుపు తెరిచింది, వాతావరణ మార్పు వల్ల ప్రాణానికి నిజంగా ముప్పున్న చోటికి మనుషుల్ని తిప్పి పంపడం హక్కుల ఉల్లంఘన కావచ్చు అని. తువాలు అనే పసిఫిక్ దీవుల దేశం, ఆస్ట్రేలియా కలిసి 2023లో చేసుకున్న ఒప్పందం ఇంకో దారి, ఏటా 280 మంది తువాలు వాళ్ళకి ఆస్ట్రేలియాలో స్థిరపడే వీలుంటుంది. చిన్న దేశానికి అది తక్కువేం కాదు.

ప్రశ్న: సస్టైనబుల్ డెవలప్‌మెంట్ అంటే చెట్లు నాటడం, సోలార్ పెట్టడమే కదా, వలసకీ దానికీ ఏంటి సంబంధం? (ఒక గృహిణి)

అమ్మా, సంబంధం అంతా అక్కడే ఉంది. పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో 1980ల్లో కరువొచ్చి జనం ఊళ్ళు వదిలిపోతుంటే యాకూబా సవడోగో అనే రైతు ఉన్నచోటే ఉండి పాత పద్ధతి ఒకటి బాగుచేశారు. నేల గట్టిపడిపోయి వాన పడినా నీళ్ళు జారిపోతుంటాయి, అలాంటి చోట ఎండాకాలంలోనే జానెడు వెడల్పు గుంటలు వరసగా తవ్వి, ఒక్కోదాంట్లో ఇంత పేడ, ఆకుచెత్త వేస్తారు. దానికి చెదలు వస్తాయి, అవి లోపల సన్నటి దారులు చేస్తాయి, తొలి వాన పడగానే నీరు ఆ దారుల్లోంచి కిందికి దిగుతుంది. అదే గుంటలో జొన్న, సజ్జ విత్తుతారు. మెషీన్ అక్కర్లేదు, అప్పు అక్కర్లేదు, కానీ తవ్వే ఒళ్ళు కావాలి, అది మాత్రం చాలా కష్టం. ఆయన పొలంలో పంటే కాదు, అడవి కూడా లేచింది.

దాని పక్క దేశం నైజర్‌లో ఇంకో ముచ్చట. అక్కడ నరికేసిన చెట్ల మొదళ్ళు నేల కింద బతికే ఉన్నాయి, వాటి పిలకల్ని పశువులు తినకుండా, పీకెయ్యకుండా కాపాడితే చాలు చెట్లు అయిపోతాయి. అలా రైతులే దాదాపు 50 లక్షల హెక్టార్లలో చెట్లు పెంచుకున్నారు. అయితే అంతకుముందు ఎందుకు పెంచలేదు అంటే, చట్టం ప్రకారం చెట్టు ప్రభుత్వానిది, సొంత పొలంలో కొమ్మ కొట్టినా జరిమానా! చెట్టు మీద హక్కు రైతుకి వచ్చేకొద్దీ పని ఊపందుకుంది. అందుకే నేను ఎప్పుడూ అనేది ఏంటంటే, ఎన్ని మొక్కలు నాటారు అని కాదు అడగాల్సింది, అవి ఎవరివి అని.

ప్రశ్న: మరీ పేదవాళ్ళే కదా ముందు వెళ్ళిపోయేది? (డిగ్రీ విద్యార్థిని)

కాదు తల్లీ, అందరూ ఇలాగే అనుకుంటారు. వెళ్ళడానికి చార్జీలు కావాలి, అక్కడ తెలిసినవాళ్ళు ఉండాలి, కొన్నాళ్ళు పని దొరక్కపోయినా తినడానికి ఉండాలి. అవేవీ లేనివాళ్ళు మునిగే చోటే, ఎండే చోటే ఉండిపోతారు. బ్రిటన్ ప్రభుత్వం 2011లో చేయించిన ఫోర్‌సైట్ రిపోర్టు గట్టిగా చెప్పింది ఇదే, కదిలేవాళ్ళెంత సమస్యో ఇరుక్కుపోయేవాళ్ళు అంతే పెద్ద సమస్య అని. ముసలివాళ్ళు, ఒంటరి ఆడవాళ్ళు, నడవలేనివాళ్ళు, వీళ్ళ గురించి ఏ హెడ్‌లైనూ రాదు. అందుకే వలస ఆపడమే అభివృద్ధి అనే ప్లాన్లంటే నాకు నమ్మకం లేదు. ఉండాలనుకుంటే ఉండగలగాలి, పోవాలనుకుంటే దారి ఉండాలి, రెండిటికీ డబ్బు పెట్టాలి.

ప్రశ్న: ఊరు మొత్తాన్నే ఎత్తి వేరేచోట పెట్టడం సాధ్యమేనా? (ఒక ఇంజినీరు)

సాధ్యమే సార్. పసిఫిక్ దీవుల దేశం ఫిజీలో వునిడోగోలోవా అనే ఊరిని 2014లో రెండు కిలోమీటర్లు లోపలికి, ఎత్తు మీదికి మార్చారు. అంతకుముందు సముద్రం ఆపడానికి గోడ కట్టి చూశారు, ఆగలేదు. ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి అడిగాకే అది జరిగింది, తమ అడవి నుంచి కలప కూడా వాళ్ళే ఇచ్చారు, ఇళ్ళతో పాటు చేపల చెరువులు, పంటలు కూడా ప్లాన్‌లో పెట్టారు. 2018లో ఫిజీ ప్రభుత్వం ఊళ్ళు మార్చడానికి ఏకంగా గైడ్‌లైన్స్ రాసుకుంది. మధ్య అమెరికాలోని పనామాలో గార్డి సుగ్దుబ్ దీవి నుంచి గునా తెగవాళ్ళు 300 కుటుంబాల దాకా 2024లో ఒడ్డుకి మారారు. అక్కడా ఏళ్ళ తరబడి ఎదురుచూపులే.

ఇంజినీరు కాబట్టి మీకో మాట. ఇళ్ళు కట్టడం మీకు తేలికే, కష్టమైనవి వేరే. సముద్రం మీద బతికినవాళ్ళకి పడవ ఎక్కడ కడతారు, పాత ఊళ్ళో సమాధులు ఏమవుతాయి, కొత్త స్థలం పట్టా ఎవరి పేరున ఉంటుంది, స్కూలు ఇళ్ళతో పాటే తెరుస్తారా లేక రెండేళ్ళ తర్వాతా? డ్రాయింగ్ గీసే ముందే ఇవి ఊరివాళ్ళతో కూర్చుని తేల్చుకోండి, ముఖ్యంగా ఆడవాళ్ళతో.