పట్టపగలు ముంచుకొచ్చే నిద్ర గురించి మా చిన్నోడికి

ఒరేయ్ చిన్నా,

మొన్న అక్క సీమంతంలో నిన్ను చూసినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. పప్పన్నం కలుపుతూ కలుపుతూనే నీ కళ్లు మూతపడ్డాయి, వేళ్లు మాత్రం విస్తట్లో అలా కదులుతూనే ఉన్నాయి, చారు పారొచ్చి ఒళ్లో పడినా నీకు తెలియలేదు. అందరూ కుంభకర్ణుడని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. సాయంత్రం మామయ్య జోకు వేస్తే పగలబడి నవ్వుతూ నవ్వుతూ మోకాళ్లు సడలి గోడ పట్టుకుని జారిపోయావు, చేతిలో గ్లాసు కింద పడింది, కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. అర నిమిషంలో మామూలుగా లేచావు. కాలు జారిందన్నావు గానీ అది కాలు జారడం కాదురా.

నేను 28 ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపినవాడిని. విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లే నైట్ సర్వీసులో ఓసారి కోదాడ దాటాక కొంత దూరం ఎలా నడిపానో నాకు గుర్తే లేదు, కండక్టర్ భుజం పట్టి కుదిపితే తెలివొచ్చింది, వెనక 40 మంది నిద్రలో ఉన్నారు. అప్పటికి ఎన్ని టీలు తాగానో, ఎన్నిసార్లు మొహం కడుక్కున్నానో. పై అధికారి బద్ధకం అన్నాడు, నేనూ అదే అనుకున్నాను. చివరికి కనిపెట్టింది మీ పెద్దమ్మ, గురక పెడుతూ పెడుతూ మధ్యలో ఊపిరి ఆగిపోతోందని. దాన్ని స్లీప్ ఆప్నియా అంటారు. ఇప్పుడు రాత్రిళ్లు ఊపిరి ఆగకుండా గాలి పంపే, మాస్కున్న సీపాప్ మిషన్ పెట్టుకుని పడుకుంటున్నాను, పగలు తూలడం పోయింది.

నీది నాలాంటిదే అని చెప్పలేను. నవ్వినప్పుడు కండరాలు సడలడం చూస్తే నార్కోలెప్సీ ఏమోనని అనుమానంగా ఉంది. మనల్ని మెలకువగా ఉంచే హైపోక్రెటిన్ అనే రసాయనం మెదడులో తగ్గిపోతే వచ్చే జబ్బు అది, ఎక్కువగా నీ వయసులోనే బయటపడుతుంది. నిద్ర పట్టేటప్పుడో లేచేటప్పుడో ఒళ్లు బిగుసుకుపోయి కదలలేకపోవడం, గదిలో ఎవరో ఉన్నట్టు కనిపించడం జరుగుతోందా? జరుగుతుంటే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పు. నానమ్మ దయ్యం అంటుంది, తాయెత్తు కడతానంటుంది, కట్టించుకున్నా డాక్టరు దగ్గరకు వెళ్లడం మాత్రం మానకు.

మామూలు కారణాలూ ఉంటాయి. రాత్రి రెండింటి దాకా ఫోను చూసి పగలు తూగితే అది జబ్బు కాదు, నిద్ర బాకీ. జలుబుకు వేసుకునే సెట్రిజిన్ కూడా మత్తు తెస్తుంది. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా ఇలా ఉండొచ్చు, ఆ రక్తపరీక్షలు ముందు చేయిస్తారు. అందుకే రెండు వారాలు ఒక నోట్‌బుక్‌లో ఎప్పుడు పడుకున్నావో, ఎప్పుడు లేచావో, పగలు ఏ పని మధ్యలో నిద్ర ముంచుకొచ్చిందో, ఏ మందు వేసుకున్నావో రాయి. రూమ్మేటును నీ నిద్ర వీడియో తీయమను. రాత్రి ఏడెనిమిది గంటలు పడుకున్నా తింటూ, మాట్లాడుతూ, నిలబడి కూడా నిద్ర వస్తోందంటే ఇక ఆలోచించే పని లేదు. బండి మీద ఒక్కసారి వచ్చినా చాలు.

న్యూరాలజిస్టు దగ్గరకు గానీ స్లీప్ క్లినిక్‌కు గానీ వెళ్లు. పగలు ఎంత నిద్ర వస్తోందో అడిగే ఎప్‌వర్త్ అని ఎనిమిది ప్రశ్నల కాగితం ఇస్తారు, 24 మార్కులకి 10 దాటితే అసలు సంగతి వెతుకుతారు. అవసరమైతే ఒక రాత్రి తలకు వైర్లు పెట్టి పడుకోబెడతారు, మర్నాడు రెండేసి గంటలకోసారి నాలుగైదు కునుకులు తీయించి ఎంత త్వరగా నిద్ర పడుతోందో చూస్తారు. నొప్పేమీ ఉండదు, టెన్షన్ పడకు. నార్కోలెప్సీ అని తేలినా అదుపులో పెట్టే మందులున్నాయి, పగలు వేళకు చిన్న కునుకు తీసినా తేడా తెలుస్తుంది. స్నేహితులు చెప్పిన మాత్రలు మాత్రం వేసుకోకు.

ఒకటి మాత్రం ఆలస్యం చేయడానికి లేదు. ఎంత లేపినా లేవకపోయినా, ఫిట్స్ వచ్చినా, మూతి వంకర పోయి మాట తడబడినా, తలకు దెబ్బ తగిలాక మత్తు కమ్మినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. నీ రూమ్మేటుకు కూడా ఈ మాట చెప్పి ఉంచు.

బైకు తాళం ఈ రోజే మీ అమ్మ చేతిలో పెట్టు. డాక్టరు సరే అనేదాకా బస్సులో తిరుగు, ఈతకు కూడా పోకు. నోట్‌బుక్ నిండే లోపు నేను అపాయింట్‌మెంట్ తీసుకుంటాను, ఆ పొద్దున మొదటి బస్సుకే వచ్చి నీ వెంట ఉంటాను.

మీ పెదనాన్న