పాత 386లో మూడు ప్రోగ్రాములు ఒకేసారి తెరవాలంటే

మీరు అడిగింది ఇది: శ్రీకాకుళంలో నాన్నగారి గదిలో పాత 386 ఎస్ఎక్స్ (ఇంటెల్ 386 చిప్పులో చౌక రకం) కంప్యూటర్ బయటపడింది. 4 మెగాబైట్ల మెమరీ, డాస్ 5, విండోస్ 3.1 ఉన్నాయి. ఆయన ఫాక్స్‌బేస్ ఖాతాలు, లోటస్ పట్టీలు, వర్డ్‌స్టార్ ఉత్తరాలు పక్కపక్కనే తెరిచి చూసుకోవాలి. 4 మెగాబైట్లున్నా ప్రోగ్రాము మెమరీలో పట్టడం లేదని చెబుతోంది. డాస్ ప్రోగ్రాములను కలిపి నడిపే డెస్క్‌వ్యూ వెతికి తెచ్చుకోవాలా, విండోస్ సరిపోతుందా?

విండోస్ సరిపోతుంది. కానీ మీ మూడు ప్రోగ్రాములూ ఒకేసారి నడవాలా, లేక తెరిచి ఉంటే చాలా అన్నది ముందు తేల్చుకోండి. ఈ రెండింటికీ ఉన్న తేడా తెలియక నేను ఆరు నెలలు కష్టపడ్డాను.

1993లో విజయనగరం గంటస్తంభం దగ్గర మా మేనమామ జాబ్ టైపింగ్ దుకాణం నడిపేవాడు. మూడు టైపు మిషన్లు, ఒక కంప్యూటర్. అదీ 386 ఎస్ఎక్సే, మెమరీ 2 మెగాబైట్లు. శనివారం వచ్చిందంటే నాకు గండం. జనపనార మిల్లుకు కూలీలను పంపే మేస్త్రీ ఒకాయన వారం కూలి పట్టీ పట్టుకుని వచ్చేవాడు. ఫాక్స్‌బేస్‌లో లెక్క తేల్చడానికి పది నిమిషాలు, డాట్ మాట్రిక్స్ ప్రింటర్ మీద దాన్ని తీయడానికి ముప్పావు గంట. ఆ ముప్పావు గంటా కంప్యూటర్ వేరే పని ముట్టుకోనిచ్చేది కాదు. అర్జీలు టైపు చేయించుకోవడానికి వచ్చినవాళ్లు బల్ల మీద వరసగా కూర్చుని, ప్రింటర్ తల అటూ ఇటూ పోవడాన్ని చూస్తూ ఉండేవారు.

"ఇంత పోసి కొన్నాం, రెండో పని చెప్తే వినదేమిరా ఇది?" అనేవాడు మామయ్య. "దీనికన్నా టైపు మిషనే నయం."

రోషం వచ్చి విండోస్ 3.1 ఎక్కించాను. 2 మెగాబైట్లలో అది ఎన్‌హాన్స్‌డ్ మోడ్‌లో (386 మీద డాస్ ప్రోగ్రాములను ఒకేసారి నడిపే పద్ధతిలో) లేవడం లేచింది. ఆ తర్వాత హార్డ్ డిస్క్ లైటు ఆరితే ఒట్టు. మెమరీలో పట్టనిదంతా డిస్కు మీదకు దింపడం, మళ్లీ ఎత్తుకోవడం, ఇదే పని. వర్డ్‌స్టార్‌లో మీట నొక్కితే అక్షరం నింపాదిగా వచ్చి కూర్చునేది. డాస్ ప్రోగ్రాముల ప్రింటింగుకు విండోస్ ప్రింట్ మేనేజర్ ఏ సాయమూ చేయదన్నది కూడా అప్పుడే తెలిసింది. అది విండోస్ ప్రోగ్రాములకే.

చివరికి మా ఇబ్బందికి విండోసే అక్కర్లేదు. నేను చూడకపోయినా నడుస్తూ ఉండాల్సింది ప్రింటింగు ఒక్కటే. ఫాక్స్‌బేస్ రిపోర్టును ప్రింటర్‌కు కాకుండా ఫైలులోకి పంపి, బయటికొచ్చి, డాస్‌లోనే ఉన్న ప్రింట్ కమాండుకు ఆ ఫైలు అప్పగించాను. పది కిలోబైట్లు కూడా తినదు అది. వెనక కూలి పట్టీ పడుతూ ఉంటే ముందు వర్డ్‌స్టార్‌లో అర్జీ కొట్టుకోవచ్చు. మామయ్య ప్రింటర్ వైపు ఒకసారి, తెర వైపు ఒకసారి చూసి ఏమీ అనలేదు. ఆయన దగ్గర అది పెద్ద మెప్పే.

ఇక మీ యంత్రం సంగతి. మీరు చెప్పిన మూడింటిలో దేనికీ వెనక నడవాల్సిన పని లేదు. ఖాతా చూసి, పట్టీకి వెళ్లి, మళ్లీ ఖాతాకు రావాలి, అంతే. అంటే మీకు కావలసింది మార్చుకోవడం. డాస్ 5తో వచ్చే డాస్ షెల్‌లోనే టాస్క్ స్వాపర్ ఉంది. అది ఒక ప్రోగ్రామును ఉన్నదున్నట్టు డిస్కు మీద పడుకోబెట్టి ఇంకొకదాన్ని లేపుతుంది. పడుకున్నది కదలదు. 286 మీద కూడా బాగా పనిచేస్తుంది. మీది 386, మెమరీ 4 మెగాబైట్లు కాబట్టి విండోస్ ఎన్‌హాన్స్‌డ్ మోడ్‌కు వెళ్లండి. మార్చుకోవడం త్వరగా జరుగుతుంది.

4 మెగాబైట్లున్నా చాలడం లేదనడానికి కారణం 640 కిలోబైట్ల గీత. మొదటి పీసీలోని 8088 చిప్పు 1 మెగాబైట్‌కు మించి చూడలేదు. అందులో పై 384 కిలోబైట్లు తెరకు, బయాస్‌కు (యంత్రాన్ని లేపే ప్రోగ్రాముకు) పోగా ప్రోగ్రాములకు మిగిలింది 640. డాస్ ప్రోగ్రాములు ఆ లెక్కలోనే పుట్టాయి. డాస్, మౌస్ డ్రైవరు, డిస్కు క్యాష్ (డిస్కులోని సమాచారాన్ని మెమరీలో దాచి ఉంచేది) అన్నీ ఆ వసారాలోనే సామాను పరిస్తే ఫాక్స్‌బేస్ కూర్చోవడానికి చోటు ఉండదు, వెనక మూడు మెగాబైట్ల పెరడు ఖాళీగా ఉన్నా సరే.

సామాను అటక ఎక్కించడమే, అంటే 640 పైన ఖాళీగా ఉన్న చోటికి పంపడమే, మార్గం. కాన్ఫిగ్ ఫైలులో పై మెమరీని చూసుకునే రెండు డ్రైవర్లు, ముందు హైమెమ్, తర్వాత ఈఎంఎం386, వేసి, డాస్‌ను హై, యూఎంబీ అని పెట్టండి. డ్రైవర్లను డివైస్‌హైతో, ఆటోఎగ్జెక్‌లోని (డాస్ లేవగానే నడిచే ఫైలులోని) వాటిని లోడ్‌హైతో పైకి పంపండి. మీ లోటస్ పట్టీలు చిన్నవైతే ఈఎంఎం386 పక్కన నోఈఎంఎస్ అని చేర్చండి, పెద్దవైతే రామ్ అని చేర్చండి; రెండింటిలో ఒకటి లేకపోతే అటక తెరుచుకోదు. నోఈఎంఎస్ పెడితే, పెద్ద పట్టీలకు లోటస్ వాడుకునే ఎక్స్‌పాండెడ్ మెమరీ (ఈఎంఎస్) కిటికీకని పక్కన పెట్టే 64 కిలోబైట్లు కూడా అటకకే కలుస్తాయి. ఆ తర్వాత మెమ్ /సి కొట్టి ఏది ఎంత తింటోందో చూడండి.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. విండోస్ మొదలవ్వక ముందు మెమరీలో ఎక్కినది ఏదైనా, విండోస్‌లో తెరిచే ప్రతి డాస్ కిటికీలోనూ ఉంటుంది. ముందుగా 40 కిలోబైట్లు తినేది ఏదో ఎక్కితే మూడు కిటికీల్లోనూ ఆ 40 పోయినట్టే. కాబట్టి డాస్ మౌస్ డ్రైవరు ఆటోఎగ్జెక్‌లో వద్దు. విండోస్‌కు తన మౌస్ డ్రైవరు ఉంది. ఏ డాస్ ప్రోగ్రాముకు మౌస్ కావాలో ఆ ప్రోగ్రామును పిలిచే బ్యాచ్ ఫైలులో పెట్టుకోండి.

మూడు ప్రోగ్రాములకూ పిఫ్ ఫైళ్లు (డాస్ ప్రోగ్రామును ఎలా నడపాలో విండోస్‌కు చెప్పేవి) చేసి, బ్యాక్‌గ్రౌండ్ గడిలో గుర్తు తీసేయండి. అప్పుడు మీరు చూడనప్పుడు అవి ప్రాసెసర్‌ను ముట్టుకోవు. ఈఎంఎస్, ఎక్స్‌ఎంఎస్ (ఎక్స్‌టెండెడ్ మెమరీ) పరిమితులు, వాటిని వాడని ప్రోగ్రాములకు సున్నా చేయండి. డిస్కు క్యాష్ అయిన స్మార్ట్‌డ్రైవ్‌కు అర మెగాబైట్ మించి ఇవ్వకండి. స్వాప్ ఫైలు శాశ్వతంగా పెట్టుకోండి, దానికి డిస్కు మీద ఒకేచోట ముక్కలు కాని ఖాళీ ఉండాలి.

డెస్క్‌వ్యూ మంచిదే. 1985 నుంచి ఉన్న సరుకు, క్యూఈఎంఎం అనే మెమరీ మేనేజర్ జోడిస్తే 386 మీద డాస్ ప్రోగ్రాములను విండోస్ కన్నా తేలిగ్గా నడిపేది. మోడెమ్ మీద ఫైలు దిగుతూ ఉండాలి, నేను వేరే పని చేసుకోవాలి అనుకున్నవాళ్లు దాన్ని ప్రాణంగా చూసుకున్నారు. మీకు ఆ అవసరం లేదు.

ఇప్పుడు నా నిర్వాకం ఒకటి చెప్పాలి, ఎందుకంటే మీరూ చేసే అవకాశం ఉంది. తర్వాత మరో 2 మెగాబైట్లు కొని విండోస్‌కు వచ్చాక, ఒక శనివారం తొందరలో ఫాక్స్‌బేస్‌ను రెండు కిటికీల్లో తెరిచాను. రెంటిలోనూ అదే కూలీల ఫైలు. ఒకదానిలో కొత్త పేర్లు చేరుస్తూ, ఇంకొకదానిలో పట్టీ తీస్తూ ఉన్నాను. ఇండెక్స్ (పేర్ల వరస చూపే ఫైలు) చెడింది. అచ్చయిన పట్టీలో ఒక మనిషి అసలు లేడు. మేస్త్రీ చదువుకున్నవాడు కాదు, వేళ్ల మీద తలలు లెక్కపెట్టి "ఇరవై ముగ్గురు రావాలి బాబూ, కూడిక కుదరడం లేదు" అన్నాడు. రీఇండెక్స్ చేసి, మొత్తం మళ్లీ తీసేసరికి రాత్రి ఎనిమిది. విండోస్‌కు ముందు షేర్ అనే డాస్ కమాండు వేసి ఉంటే రెండో కిటికీకి ఆ ఫైలు దొరికేదే కాదు. మీరు తప్పక వేయండి. దానికి పోయే కాస్త మెమరీకి లోభించవద్దు.

మెమరీ పెంచుకోవాలనుకుంటే, ఎస్ఎక్స్ బోర్డుల్లో సాధారణంగా ఉండే 30 పిన్నుల సిమ్ములు (మెమరీ పట్టీలు) జతలుగానే వేయాలి, ఒక జతలో రెండూ ఒకే పరిమాణం కావాలి. 386 డీఎక్స్ రకం అయితే నాలుగేసి.

అయితే పెట్టెకు ఇంకోసారి కరెంటు ఇచ్చే ముందు మూత తీసి చూడండి. ఆ కాలపు బోర్డుల మీద పీపాలాంటి చిన్న నికెల్ కాడ్మియం బ్యాటరీ అతికి ఉండేది. ఇన్నేళ్లకు అది కారి ఉంటుంది. చుట్టూ పచ్చని, తెల్లని పొడి కనిపిస్తే బ్యాటరీ కత్తిరించి తీసి, వెనిగర్‌లో ముంచిన పాత పళ్లబ్రష్షుతో రుద్దండి, ఆ కారినది క్షారం. తర్వాత స్పిరిటుతో తుడిచి ఒక రోజంతా ఆరనివ్వండి. మన సముద్రపు గాలికి బోర్డు మీది రాగి గీతలు త్వరగా చెడిపోతాయి. బోర్డు బాగుంటే మొట్టమొదట నాన్నగారి ఖాతా ఫైళ్లు ఫ్లాపీలోకి తీసుకోండి. పిఫ్ ఫైళ్ల సంగతి ఆ తర్వాత. మెమ్ /సి చూపించిన పట్టీ ఇక్కడ పెడితే ఏది అటక ఎక్కలేదో చూసి చెబుతాను.