లెక్కలు వదిలేసి చాలా ఏళ్లయింది, మళ్లీ సరదాగా ఎలా మొదలుపెట్టాలి?

పదో తరగతితో లెక్కలకు దూరమయ్యారు. ఇప్పుడు ముప్పై దాటాక పజిళ్లు, పారడాక్సులు, మంచి పుస్తకాల ద్వారా మళ్లీ దగ్గరవ్వాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. నేను లెక్కల మాస్టారిని కాను. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ఖాతాలు రాస్తాను, చదివింది కామర్స్. కాబట్టి పాఠ్యప్రణాళిక ఇవ్వలేను గాని, సరదా ఏ మూల దొరుకుతుందో చెప్పగలను.

నాకు అది దొరికింది మనసు ఒకటి చెబుతుంటే లెక్క మరొకటి చెప్పే చోట. ఆ రెండూ తగువు పడని పజిల్ ఎంత కష్టమైనదైనా పరీక్ష ప్రశ్నే. తగువు పడితే మాత్రం అన్నం తింటున్నా, బస్సులో కూర్చున్నా అదే తిరుగుతుంటుంది. అందుకని వెయ్యి పజిళ్ల పుస్తకం కొనకండి. ఒక్కటి పట్టుకోండి, తగువు తీరేదాకా జవాబు పేజీ తిప్పకండి.

మా మిల్లు గేటు దగ్గర రోజూ నడిచే లెక్కే చూడండి. యాసంగి కోతలప్పుడు వడ్లు పచ్చిగా వస్తాయి. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతం దాటకూడదు. ఒక రైతు దగ్గర 24 శాతం తేమతో 100 కిలోల వడ్లు ఉన్నాయనుకుందాం. కల్లంలో ఆరబోసి, కాళ్లతో తిరగేసి, తేమ మీటరులో 17 చూపించేదాకా ఎండబెట్టాడు. ఇప్పుడు ఎన్ని కిలోలు తూగుతాయి?

హమాలీని అడిగినా, ఆడిటర్‌ను అడిగినా తడుముకోకుండా 93 అంటారు. 24లోంచి 17 పోతే 7, వందలోంచి 7 పోతే 93. ఇందులో తప్పేముంది అనిపిస్తుంది. కాని కాటా మీద 91 కిలోల 570 గ్రాములే తూగుతాయి.

పోయిన కిలో చిల్లరను ఎవరూ దొంగిలించలేదు. ఆరబోస్తే పోయేది నీరు మాత్రమే, గింజలోని పొడి పదార్థం ఎక్కడికీ పోదు. మొదట అది 76 కిలోలు, ఆరాక కూడా 76 కిలోలే. కాకపోతే మొదట అది మొత్తంలో 76 శాతం, ఇప్పుడు 83 శాతం. 76ను 83తో భాగించి వందతో హెచ్చిస్తే 91.57 వస్తుంది. మొదటి 24 శాతం వంద కిలోల మీద, రెండో 17 శాతం తగ్గిపోయిన బరువు మీద. రెండు వేర్వేరు మొత్తాల మీది శాతాలను ఒకదానిలోంచి ఒకటి తీసేశాం, అంతే. ఇరవై టన్నుల లారీకి ఈ తేడా దాదాపు 287 కిలోలు. తరుగు దగ్గర మాటా మాటా పెరిగే రోజున ఈ లెక్క తెలిసినవాడు ఒక్కడుంటే చాలు.

ఇదే లెక్కను కొసకు లాగితే పేరున్న పారడాక్స్ అవుతుంది. 99 శాతం నీరున్న కాయలు 100 కిలోలు. ఎండలో పెడితే నీరు 98 శాతానికి దిగింది. బరువెంత? (అంత నీరున్న కాయ ఉండదని వాదించకండి, లెక్క కోసం అనుకుందాం.) జవాబు 50 కిలోలు. ఎందుకో నేను చెప్పను, పైన వడ్లు వెళ్లిన దారిలోనే వెళ్లండి.

ఈ జాతివే ఇంకొన్ని. ఒక గదిలో 23 మంది ఉంటే, వాళ్లలో ఏ ఇద్దరికో ఒకే రోజు పుట్టినరోజు వచ్చే అవకాశం సగం దాటుతుంది. నలభై మంది ఉన్న తరగతిలో అది 89 శాతం. మనం నాతో ఎవరి పుట్టినరోజు కలుస్తుందా అని చూస్తాం, లెక్క జతలను చూస్తుంది. 23 మందిలో 253 జతలున్నాయి. మా ఊళ్లలో నా తరం వాళ్ల సర్టిఫికెట్లు తీస్తే మాత్రం ఈ లెక్క పూర్తిగా చెడుతుంది. బడిలో చేర్చుకున్న సారు రాసిందే పుట్టిన తేదీ, చాలామంది జూన్‌లోనే పుట్టాం!

మూడు తలుపుల పజిల్ కూడా వినే ఉంటారు. ఒక తలుపు వెనక కారు, రెండింటి వెనక మేకలు. మీరొకటి ఎంచుకున్నాక, కారు ఎక్కడుందో తెలిసిన నిర్వాహకుడు మిగిలిన వాటిలో మేక ఉన్న తలుపు తెరిచి, మనసు మార్చుకుంటారా అని అడుగుతాడు. మార్చుకుంటే గెలిచే అవకాశం మూడింట రెండు వంతులు. 1990లో అమెరికాలో మెరిలిన్ వోస్ సావంత్ తన పత్రికా శీర్షికలో ఈ మాట రాస్తే, లెక్కల్లో డాక్టరేట్లు ఉన్నవాళ్లు కూడా తప్పని ఉత్తరాలు రాశారు. పాల్ ఎర్డష్ అంతటి గణితవేత్త కంప్యూటర్‌తో ఆడించి చూపించేదాకా ఒప్పుకోలేదు. మీకు కంప్యూటర్ అక్కర్లేదు. మూడు స్టీలు గ్లాసులు, ఒక చింతగింజ, ఇంట్లో ఓపికగల పిల్ల ఒకరుంటే ఒక సాయంత్రంలో తేలిపోతుంది.

వచ్చే వారం ఏదో ఒక రోజు పరీక్ష పెడతాను, ఆ రోజు పొద్దున కూడా మీరు ఊహించలేరు అని మాస్టారు చెప్పే పారడాక్స్ నాకు అన్నిటికంటే ఇష్టం. శనివారం కుదరదు, శుక్రవారం దాకా పెట్టకపోతే తెలిసిపోతుంది కదా. అలా ఒక్కొక్క రోజూ కొట్టేసుకుంటూ వెనక్కి వచ్చి, అసలు పరీక్షే లేదని పిల్లలు తేల్చుకుంటారు. బుధవారం మాస్టారు కాగితాలు పంచుతాడు, ఎవరూ ఊహించి ఉండరు. తర్కం ఎక్కడ జారిందో అందరూ ఒప్పుకునే జవాబు ఇప్పటికీ లేదు. ముందు బయలుదేరిన తాబేలును ఆకిలీస్ అనే గ్రీకు వీరుడు ఎంత పరుగెత్తినా అందుకోలేడని వాదించే పరుగు పందెం కథ నాకు అంతగా ఎక్కలేదు, మీకు నచ్చవచ్చు.

చేతిలో ఏమీ లేనప్పుడు ఒక ఆట. నార్కట్‌పల్లి - అద్దంకి రోడ్డు మీద టోల్ గేటు దగ్గర బస్సు ఆగితే ముందున్న లారీ నంబరు తీసుకోండి. 5290 అనుకుందాం. అంకెలను పెద్ద నుంచి చిన్నకు, చిన్న నుంచి పెద్దకు పేర్చి తీసివేయండి. 9520లోంచి 0259 పోతే 9261. మళ్లీ 9621లోంచి 1269 పోతే 8352. మళ్లీ 8532లోంచి 2358 పోతే 6174. ఇక ఎంత తిప్పినా 6174 దగ్గరే ఉండిపోతుంది. నాలుగు అంకెలూ ఒకటే కాకపోతే చాలు, ఏ నంబరైనా ఏడు మెట్లు దాటకుండా అక్కడికే వస్తుంది. దీన్ని 1949లో కనిపెట్టిన కప్రేకర్ నాసిక్ దగ్గర దేవలాలీలో బడిపంతులు.

పుస్తకాల సంగతికి వస్తే, తెలుగువాళ్లు ముందు తలచుకోవలసింది పావులూరి మల్లన. 11వ శతాబ్దపు వాడు, మహావీరాచార్యుల సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. చదరంగం గడుల్లో ఒకటి, రెండు, నాలుగు అని రెట్టిస్తూ పోతే 64 గడులకూ మొత్తం ఎంతో ఒక్క చంపకమాలలో చెప్పాడు. ‘శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూధర’ అని మొదలవుతుంది. శరాలు అయిదు, శశి ఒకటి, షట్కం ఆరు, రంధ్రాలు తొమ్మిది, వియత్తు అంటే ఆకాశం, సున్న. ఇలా రాసుకుంటూ పోయి, చివర కుంజరం ఎనిమిది, తుహినాంశుడు ఒకటి దగ్గర ఆగి, మొత్తం కుడి నుంచి ఎడమకు చదివితే 18446744073709551615 వస్తుంది. కాలిక్యులేటర్ లేని కాలంలో ఇరవై అంకెల సంఖ్య, ఒక్క అంకె తప్పు పోకుండా, ఛందస్సు చెడకుండా!

నేను దీన్ని వడ్లలోకి మార్చి చూశాను. వెయ్యి గింజలు 20 గ్రాములనుకుంటే, సగం బోర్డు దాకా, అంటే 32 గడులకు అయ్యేది 86 టన్నులు. నాలుగైదు లారీలు. మా సేటు నవ్వుతూ ఇచ్చేస్తాడు. మిగతా సగంతో అది దాదాపు 36,900 కోట్ల టన్నులవుతుంది. ప్రపంచమంతా ఏటా పండించే వడ్లు సుమారు 80 కోట్ల టన్నులు, నాలుగు వందల అరవై ఏళ్ల పంట పోయాలి.

ఆంగ్లం పరవాలేదంటే యాకొవ్ పెరెల్మన్ ‘ఫిగర్స్ ఫర్ ఫన్’ పట్టుకోండి. ఒకప్పుడు సోవియట్ పుస్తకంగా విశాలాంధ్ర దుకాణాల్లో చవకగా దొరికేది. 1942లో లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో ఆకలితో పోయిన మనిషి రాసిన పుస్తకమంటే నమ్మలేం, అంత ఉల్లాసంగా ఉంటుంది. తర్కం ఇష్టమైతే రేమండ్ స్మల్యన్ ‘వాట్ ఈజ్ ద నేమ్ ఆఫ్ దిస్ బుక్?’ చదవండి. దుకాణంలో ఆ పేరు చెప్పి అడిగితే అదే ఒక పజిల్. శకుంతలా దేవి పజిళ్ల పుస్తకాలు ప్రయాణాల్లో బాగుంటాయి, అయితే ఆమె జవాబులు త్వరగా ఇచ్చేస్తుంది. ఫోన్లలో తిరిగే అరటిపండు, యాపిల్ బొమ్మల లెక్కల జోలికి మాత్రం వెళ్లకండి. కూడిక ముందా, గుణకారం ముందా అనే కిటుకు తప్ప వాటిలో ఏమీ ఉండదు.

మీరు నల్లగొండ చుట్టుపక్కల వారైతే ఒక ఆదివారం పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లండి. గర్భగుడిలో పడే నీడ పగలంతా కదలదు. సూర్యుడు జరుగుతున్నాడు, నీడ జరగడం లేదు. గుడిలోకి వచ్చేది నేరుగా పడే ఎండ కాదు, ఆవరణలో పరచుకుని, స్తంభాల పక్కల నుంచి లోపలికి వచ్చే వెలుగు అన్నది దీనికి చెప్పే వివరణ. నమ్మకం కుదరకపోతే ఇంట్లో ఒక అట్టపెట్టెలో నాలుగు కొవ్వొత్తులను స్తంభాల్లా నిలబెట్టండి. టార్చిని నేరుగా వాటి మీదికి కొడితే, టార్చి జరిపినప్పుడల్లా నీడ జరుగుతుంది. అదే టార్చిని పెట్టె బయట నిలబెట్టిన తెల్లకాగితం మీదికి కొట్టి, కాగితాన్ని కదపకుండా టార్చిని మాత్రం జరుపుతూ చూడండి.