పాపను పీయూసీలో చేర్పించే ముందు

చిరంజీవి నాయనకు,

పెదనాన్న ఆశీస్సులు. పాప ఎస్‌ఎస్‌ఎల్‌సీ, అంటే పదో తరగతి, గట్టెక్కిందని, ఇక పీయూసీలో, అంటే మన ఇంటర్‌లో, ఫిజిక్స్, కెమిస్ట్రీ, గణితంతో పాటు జీవశాస్త్రం ఉండే పీసీఎంబీ ఇప్పించాలా, కంప్యూటర్ సైన్స్ ఉండే పీసీఎంసీ ఇప్పించాలా, ఏ కాలేజీ మంచిదని అడిగావు. చెప్తాను. దానికంటే ముందు ఒక మాట విను. అప్లికేషన్లన్నీ నువ్వే చదివి, నువ్వే నింపి, సంతకం పెట్టడానికి మాత్రం పాపను పిలవొద్దు. నోటిఫికేషన్ దించుకోవడం, అర్హత తనకుందో లేదో చూసుకోవడం, ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి అడగడం అన్నీ తనతోనే చేయించు. నువ్వు పక్కనుండు చాలు. రెండేళ్ళు తిరిగేసరికి ఆ పిల్లకు ఓటొస్తుంది. ఏ కోర్సులో చేరాలో ఇంకొకరు చెప్తే చేరిన పిల్ల, ఎవరికి ఓటెయ్యాలో కూడా ఇంకొకరు చెప్తేనే వేస్తుంది. నియమం తానే చదివి, అది తనకు వర్తిస్తుందో లేదో తేల్చుకోవడం నేర్చుకుంటే రెండు చోట్లా నిలబడుతుంది. ఇక్కడ బెంగళూరులో మన తెలుగిళ్ళల్లో ఆ పనిని తండ్రి గానీ, కన్సల్టెన్సీ వాళ్ళు గానీ చేసేస్తున్నారు. సీట్లు పోయేది ఎక్కువగా అక్కడే.

మొదట తేలాల్సింది కోర్సు కాదు, పిల్ల ఏ రాష్ట్రం లెక్కలోకి వస్తుందన్నది. కర్ణాటకలో ప్రభుత్వ కోటా ఇంజనీరింగ్ సీటుకు రాష్ట్ర పరీక్షల సంస్థ కేఈఏ వాళ్ళు పెట్టే ప్రవేశ పరీక్ష కేసెట్ రాయాలి. అందులో మామూలుగా వర్తించే అర్హత ఇది: ఒకటో తరగతి నుంచి రెండో పీయూసీ లోపల కనీసం 7 విద్యా సంవత్సరాలు కర్ణాటకలో చదివి ఉండాలి, ఎస్‌ఎస్‌ఎల్‌సీ గానీ రెండో పీయూసీ గానీ ఇక్కడ పాసై ఉండాలి. ఒక తరగతి రెండేళ్ళు చదివినా ఒక ఏడాదిగానే లెక్క. మీరు మదనపల్లె నుంచి వచ్చినప్పుడు పాప నాలుగో తరగతిలో చేరింది కాబట్టి నాలుగు నుంచి పది దాకా సరిగ్గా ఏడేళ్ళు. గండం గడిచింది. ఎనిమిదో తరగతికి వచ్చిన పిల్లలకు పీయూసీ అయ్యేదాకా ఇక్కడే చదివినా ఐదేళ్ళే అవుతాయి. వాళ్ళ తల్లిదండ్రులు ఇక్కడ చదివి ఉంటే వేరే నిబంధన ఒకటుంది. అదీ లేకపోతే ప్రైవేటు కాలేజీల ప్రవేశ పరీక్ష కామెడ్‌కే, జాతీయ స్థాయి జేఈఈ లాంటి దారులు చూసుకోవాలి. ఈ సంగతి రెండో పీయూసీ చివర్లో తెలిసి ఏడ్చే ఇళ్ళున్నాయి. మీ అపార్ట్‌మెంట్‌లో అలాంటి వాళ్ళుంటే ఇప్పుడే చెప్పు.

చదివినట్టు రుజువు కోసం స్కూలు ఇచ్చిన స్టడీ సర్టిఫికెట్ మీద బ్లాక్ విద్యాధికారి (బీఈవో) సంతకం ఉండాలి. కర్ణాటక స్కూళ్ళలో చదివిన పిల్లలకు శాట్స్ అనే విద్యార్థి నంబరు ఉంటుంది కనుక పని కొంత తేలికైంది. అయినా పాప రెండు స్కూళ్ళు మారింది కదా, రెండు చోట్ల నుంచీ సర్టిఫికెట్లు ఈ వేసవిలోనే తెచ్చుకోండి. స్కూలు మూతపడితే ఆ కాగితం కోసం తిరగడం చాలా కష్టం.

విజయవాడ హాస్టల్లో ఇంటర్ వేద్దామని మీ ఆవిడ అంటోందని రాశావు. కేసెట్ అర్హత దానివల్ల పోదు, ఎస్‌ఎస్‌ఎల్‌సీ ఇక్కడే పాసైంది కాబట్టి. కానీ అక్కడ చదివితే ఆంధ్రాలో సీట్లకు లోకల్ అవుతుందనుకుంటే మాత్రం పొరపాటు. రాజ్యాంగం 371డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, అర్హత పరీక్షతో, అంటే ఇంటర్‌తో, ముగిసే వరుస నాలుగేళ్ళ చదువును చూస్తారు. రెండేళ్ళ ఇంటర్ దానికి సరిపోదు. పిల్లకు ఇల్లు దూరమవుతుంది, లాభం లేదు. నా మాట వింటే ఇక్కడే చదివించండి.

రిజర్వేషన్ ఉన్న ఇళ్ళవాళ్ళు ఇంకో విషయం తెలుసుకోవాలి. ఆంధ్రాలో ఇచ్చిన ఎస్సీ, ఎస్టీ సర్టిఫికెట్ వలస వచ్చిన రాష్ట్రంలో రిజర్వేషన్‌కు చెల్లదు. మర్రి చంద్రశేఖర్ రావు కేసులో 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ మాట తేల్చింది. అక్కడా ఇక్కడా జాబితాలో కులం పేరు ఒకటే ఉన్నా సరే. ఇక్కడి జాబితాలో ఉండి, ఇక్కడి స్థానికులమని చూపగలిగిన వాళ్ళకే నాడకచేరి అనే రెవెన్యూ ఆఫీసులో కుల, ఆదాయ పత్రం వస్తుంది. ఆ పత్రం మీది ఆర్‌డీ నంబరు కేసెట్ అప్లికేషన్‌లో వెయ్యాలి. చివరి వారంలో నాడకచేరికి పరిగెత్తితే ఫలితం ఉండదు. పీయూసీ మొదటి ఏడాదిలోనే తీసుకుని పెట్టుకోవాలి.

పేరు సంగతి మరీ ముఖ్యం. మనం ఇంటిపేరు ముందు పెడతాం, ఇక్కడి స్కూళ్ళు తండ్రి పేరు అక్షరం వెనక పెడతాయి. ఆధార్‌లో ఒకలా, మార్క్స్ కార్డులో ఒకలా, కుల పత్రంలో ఇంకోలా ఉంటుంది. కంప్యూటర్ పేర్లను పోల్చి చూసే చోట ఈ తేడాతోనే పని ఆగుతుంది. ఇక మీదట అన్ని కాగితాలకూ ఎస్‌ఎస్‌ఎల్‌సీ మార్క్స్ కార్డే మూలం. అందులో తప్పుంటే హెడ్‌మాస్టర్ ద్వారా ఇప్పుడే బోర్డుకు రాయించు. అందులో సరిగ్గా ఉంటే ఆధార్‌ను దానికి తగ్గట్టు మార్పించు. అప్పుడు పాన్, బ్యాంకు, పాస్‌పోర్టు అన్నీ ఒకే పేరుతో వస్తాయి.

ఇక కోర్సు. కేసెట్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, గణితం ఒక్కొక్కటి 60 ప్రశ్నలు, 60 మార్కులు, 80 నిమిషాలు. తప్పు జవాబుకు మార్కులు కోయరు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. ఇంజనీరింగ్ ర్యాంకులో సగం కేసెట్ మార్కులు, సగం పీయూసీలో ఆ మూడు సబ్జెక్టుల మార్కులు. నాలుగో సబ్జెక్టు జీవశాస్త్రమైనా కంప్యూటర్ సైన్సైనా ర్యాంకులో కలవదు. కాబట్టి ‘డాక్టర్ దారి కూడా తెరిచి ఉంచుదాం’ అని ఇష్టం లేని పిల్లకు పీసీఎంబీ ఇప్పిస్తే, రెండేళ్ళు ఆ ల్యాబులకూ రికార్డులకూ పోయే సమయం గణితం నుంచి తీసేసినట్టే. నీట్, వెటర్నరీ, బీఎస్సీ అగ్రికల్చర్ మీద పాపకు నిజంగా మనసుంటేనే బయాలజీ. లేకపోతే పీసీఎంసీ. కోచింగ్ మోజులో పీయూసీ పుస్తకం పక్కన పెట్టే పిల్లలు ర్యాంకులో సగం భాగం చేతులారా పోగొట్టుకుంటున్నారు. పీయూ బోర్డు ఇప్పుడు ఏడాదికి ఒకటి కంటే ఎక్కువ పరీక్షలు పెడుతోంది. మొదటిదాంట్లో ఒక సబ్జెక్టులో తగ్గితే రెండోదాంట్లో రాసుకోవచ్చు, భయపడనక్కర్లేదు.

అసలు సైన్సే తీసుకోవాలా అన్నది నువ్వు అడగలేదు. నేనే అడుగుతున్నాను. పాప లెక్కల్లో చురుకు, డబ్బు వ్యవహారాలంటే ఆసక్తి అని నువ్వే రాశావు. మరి కామర్స్ మాట ఎందుకు ఎత్తలేదు? సీఈబీఏ అంటే కంప్యూటర్ సైన్స్, ఎకనామిక్స్, బిజినెస్ స్టడీస్, అకౌంటెన్సీ. పన్నెండు తర్వాత సీఏ ఫౌండేషన్ రాయొచ్చు. సీఏల దగ్గర చేసే శిక్షణ, ఆర్టికల్‌షిప్, ఇప్పుడు రెండేళ్ళు, ముందు మూడేళ్ళుండేది. ఇంజనీరింగ్ ఫీజులతో పోలిస్తే అయ్యే ఖర్చు చాలా తక్కువ, ఓపిక మాత్రం ఎక్కువ కావాలి. న్యాయశాస్త్రం వైపు మొగ్గు ఉంటే నాగరభావిలోని నేషనల్ లా స్కూల్ ఈ ఊళ్ళోనే ఉంది. దానికి లా ప్రవేశ పరీక్ష క్లాట్ రాయాలి. కర్ణాటకలో పదేళ్ళు చదివిన పిల్లలకు అక్కడ 25 శాతం కోటా ఉంది. పాపకు పీయూసీ అయ్యేసరికి తొమ్మిదేళ్ళే అవుతాయి, ఆ తర్వాత ఇంకో ఏడాది ఇక్కడ చదివితేనే పది నిండుతాయి. క్లాట్ రాసే ఏడాది నిబంధన చూసి ఎలా లెక్కిస్తారో తననే కనుక్కోమను.

చిన్నవాడి సంగతి వేరు. వాడికి చేతిపని మీద ఆసక్తి ఉందని ఇంట్లో అందరికీ తెలుసు. పది తర్వాత మూడేళ్ళ డిప్లొమా చేసి, డిప్లొమా వాళ్ళకు పెట్టే ప్రవేశ పరీక్ష డీసెట్ రాసి బీఈ రెండో ఏడాదిలో చేరితే మొత్తం ఆరేళ్ళు. పీయూసీ, బీఈ కలిపినా ఆరేళ్ళే. తేడా ఏమిటంటే పందొమ్మిదో ఏటికి వాడి చేతిలో ఉద్యోగానికి పనికొచ్చే ఒక పట్టా ఉంటుంది. రాజాజీనగర్‌లో పనిముట్ల తయారీ నేర్పే ప్రభుత్వ సంస్థ జీటీటీసీ ఉంది. టూల్ అండ్ డై మేకింగ్ డిప్లొమాలో మూడేళ్ళు చదువు, ఒక ఏడాది కంపెనీలో శిక్షణ. పీణ్యా పారిశ్రామికవాడలో ఆ పని వచ్చినవాళ్ళకు గిరాకీ ఉంది. ఐటీఐ చేస్తే 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద హెచ్‌ఏఎల్, బీఈఎల్ లాంటి చోట్ల స్టైపెండ్‌తో శిక్షణ దొరుకుతుంది. ‘మనవాళ్ళలో ఎవరూ ఐటీఐ చెయ్యలేదు’ అనే మాట వాడి చెవిన పడనివ్వొద్దు, నాయనా. చాలామంది పిల్లల చేతులు ఆ ఒక్క మాటతోనే కట్టేశారు.

కేసెట్ ర్యాంకు వచ్చాక, కావాల్సిన కాలేజీలూ బ్రాంచిలూ వరసగా రాసే ఆప్షన్ ఎంట్రీ ఉంటుంది. జాబితాలో మొదట పెట్టాల్సింది దొరికేది కాదు, కావాల్సింది. పై ఆప్షన్ దొరక్కపోతే కిందికి చూస్తారు తప్ప, పెద్దది కోరినందుకు ఏమీ నష్టం లేదు. చేరబోని కాలేజీని మాత్రం ఎంత అడుగునైనా రాయొద్దు. ముందు నమూనాగా చూపే మాక్ అలాట్‌మెంట్ చూశాక వరస మార్చుకోవచ్చు. సీటొచ్చాక నాలుగు ఛాయిస్‌లు ఇస్తారు: ఒప్పుకుని చేరడం, ఒప్పుకున్నా తర్వాతి రౌండ్‌లో మెరుగైనదానికి ఆగడం, వద్దని తర్వాతి రౌండ్‌కు వెళ్ళడం, పూర్తిగా తప్పుకోవడం. రెండోదానికీ మూడోదానికీ తేడా తెలియక చేతిలో సీటు వదిలేసుకునేవాళ్ళు ఉన్నారు. రెండోదాంట్లో ఉన్న సీటు నిలుస్తుంది, మూడోదాంట్లో పోతుంది. ఆ బటన్ నొక్కేది పాపే కావాలి, నొక్కే ముందు తాను ఏం చేస్తోందో నీకు చెప్పాలి.

కాలేజీ గురించి అడిగేటప్పుడు నాణ్యతకు ఇచ్చే న్యాక్ గ్రేడు చూపిస్తారు. అది కాలేజీ మొత్తానికి. పాప చేరే బ్రాంచికి, బ్రాంచి వారీగా ఇచ్చే ఎన్‌బీఏ గుర్తింపు ఉందా అని అడగండి. పట్టా ఎవరిస్తారు, రాష్ట్ర సాంకేతిక విశ్వవిద్యాలయం వీటీయూనా, ఆ కాలేజీ తానే యూనివర్సిటీనా అన్నది కూడా అడగండి. ప్లేస్‌మెంట్ అంటే పెద్ద జీతం వచ్చిన ఒక్కరి ఫోటో కాదు. ఆ బ్రాంచిలో ఎంతమంది చేరారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మధ్యలో ఉన్నవాడి జీతమెంత అన్నది కావాలి. డొనేషన్ పేరుతో రసీదు లేని డబ్బు ఇవ్వొద్దు. క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ కర్ణాటకలో 1984లోనే చట్టం వచ్చింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి వెనక్కి ఇచ్చెయ్యాలని యూజీసీ 2018లో చెప్పింది. దగ్గర పెట్టుకుంటామంటే ఆ మాట రాతపూర్వకంగా ఇమ్మనండి.

కన్నడం మీద చిన్నచూపు ఉంటే ఇప్పుడే వదిలించు. మాట్లాడటం వచ్చని సరిపెట్టుకోవద్దు, రాయడం చదవడం రావాలి. బ్యాంకు క్లర్కు ఉద్యోగానికి రాష్ట్ర భాష పరీక్ష ఉంటుంది. గ్రామీణ డాక్ సేవక్‌కు పదో తరగతిలో స్థానిక భాష చదివి ఉండాలి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలకు కేపీఎస్‌సీ పెట్టే పరీక్షల్లో కన్నడం తప్పనిసరి పేపరు. ఉద్యోగం మాట అటుంచితే, కార్పొరేషన్ నోటీసు కన్నడంలో వస్తుంది. అది చదవలేని ఇల్లు ఎప్పుడూ పక్కింటివాళ్ళ మీద ఆధారపడుతుంది. తెలుగు ఇంట్లో మీరు మాట్లాడితే చాలు, నిలుస్తుంది.

ఇక నీ ఓటు. ఇన్నేళ్ళుగా ఇక్కడుండి ఇంకా మదనపల్లెలోనే ఉంచుకున్నావు. ఇక్కడ నివసిస్తూ ఇక్కడి రోడ్డు గురించి అడగాలంటే ఓటు ఇక్కడుండాలి. దాన్ని మార్చడానికి ఫారం 8 నింపు, ఫారం 6 కాదు. ఫారం 6 కొత్తగా చేరేవాళ్ళది. అందులో ఇంకెక్కడా ఓటు లేదని రాసి సంతకం పెడతాం. అక్కడ ఉంచుకుని ఇక్కడా చేరితే అది తప్పుడు ప్రకటన. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు శిక్ష పడవచ్చు. నీ పేరు మీదున్న కరెంటు బిల్లు, బ్యాంకు పాస్‌బుక్ లాంటివి చిరునామాకు చాలు. పాపకు 17 నిండాక ఫారం 6 ముందుగానే ఇవ్వొచ్చు. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ ఒకటో తేదీల్లో ఏదో ఒకదానికి 18 నిండితే ఆ విడతలో పేరు చేరుతుంది. ఏడాదంతా ఆగాల్సిన పద్ధతి పోయింది.

ఓటు అసెంబ్లీకే అనుకోకు. బెంగళూరులో కార్పొరేటర్లను ఎన్నుకునే ఎన్నిక 2015లో జరిగింది. ఆ మండలి గడువు 2020 సెప్టెంబర్‌లో తీరిపోయాక ఏళ్ళ తరబడి అధికారులే నడిపారు. 2025లో పాత నగరపాలక సంస్థ బీబీఎంపీ పోయి ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. మీ ఇల్లు ఏ కార్పొరేషన్, ఏ వార్డు కిందికి వచ్చిందో పాపను కనుక్కుని ఒక కాగితం మీద రాయమను.

ఆ పని అయ్యాక మీ వీధి మోరీ మీద ఒక సమాచార హక్కు దరఖాస్తు పాపతో రాయించు. చట్టం పౌరులందరికీ అంటుంది, వయసు అడ్డు లేదు. 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ జత చెయ్యాలి. కర్ణాటక నియమాల ప్రకారం ఒక దరఖాస్తులో ఒకే విషయం, 150 మాటలు దాటకుండా. ‘ఎందుకు బాగుచెయ్యలేదు’ అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే అది వాళ్ళ దగ్గరున్న కాగితం కాదు. ‘ఈ వీధి మోరీ పనికి ఇచ్చిన వర్క్ ఆర్డర్, కొలతల పుస్తకం, చెల్లింపు బిల్లుల నకళ్ళు, కాంట్రాక్టర్ బాధ్యత ముగిసే తేదీ’ అని అడగాలి. 30 రోజుల్లో సమాధానం రావాలి. రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. ఇచ్చిన తేదీ ముద్రతో రసీదు తీసుకోకపోతే ఈ గడువులు లెక్కపెట్టలేరు.

పీయూ అడ్మిషన్ గడువు దగ్గరపడుతోంది కాబట్టి మార్క్స్ కార్డులో పేరు సంగతి ముందు చూడు. స్టడీ సర్టిఫికెట్లు ఆ వెంటనే. కోర్సు విషయంలో పాప ఏమనుకుంటోందో, కారణాలతో సహా, తన చేత్తోనే రాసి నాకు పంపమను. నీ అభిప్రాయం వేరే కాగితం మీద రాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న