ఫాదర్‌గారిని అడగండి: పాస్కాకి (ఈస్టర్‌కి) ఇంకా రెండు వారాలే

పాస్కాకి ముందు తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం అయిన వారం నాకొచ్చే మెసేజ్‌లన్నీ ఒకే రకం, ఫాదర్ ఈసారి ఏం మానేయమంటారు అని. ఈ కాలంలో లాజరు సువిశేషం (గాస్పెల్) చదివే ఐదో ఆదివారం దగ్గరకొచ్చేసరికి స్వరం మారిపోద్ది, ఏమీ చేయలేదు ఫాదర్, ఇప్పుడెట్లా అని. ఈ ఏడాది (2026) మట్టలాదివారం, అంటే పాస్కాకి ముందు ఆదివారం, మార్చి 29, పాస్కా ఏప్రిల్ 5. నా మాటేంటంటే, పోయిన నెలంతా చేయనిదంతా ఈ రెండు వారాల్లో కుక్కాలని చూడకండి. పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) ఒకటి, మాటల్లేని మనిషితో మాట కలపడం ఒకటి, ఈ రెండూ చేసి పాస్కాకి రండి. ఈసారి ఉత్తరాలు కూడా ఎక్కువ వాటి గురించే ఉన్నాయి.

ప్రశ్న: స్తోత్రం ఫాదర్. నేను పాపసంకీర్తనం చేసింది పెళ్లికి ముందు, ఇప్పుడు మా బాబుకే మొదటి సత్ప్రసాదం (కమ్యూనియన్) అయిపోయింది. మా విచారణ (పారిష్) గురువుగారు రోజూ కనపడే మనిషి, నా గొంతు గుర్తుపడతారు, సిగ్గుగా ఉంది. పశ్చాత్తాప ప్రార్థన పెట్టినప్పుడు అందరితో కలిసి కూర్చుంటే సరిపోదా? (తెనాలి దగ్గర నుంచి ఒక సోదరుడు)

సరిపోదు తమ్ముడూ. ఆ ప్రార్థనలో పాటలు, వాక్యం, మనస్సాక్షి పరిశీలన అందరికీ కలిపి ఉంటాయి గానీ పాపాలు చెప్పుకోవడం, పాపవిమోచనం పొందడం ఎవరికి వాళ్లే విడిగా గురువు దగ్గరకెళ్లి. జనమందరికీ ఒకేసారి పాపవిమోచనం ఇవ్వడం అనేది ప్రాణాపాయం, మరీ తప్పని పరిస్థితి లాంటి వాటికే, వెనక బెంచీలో కూర్చుని ఆఖరి పాటకి లేచెళ్లిపోయేవాళ్లు ఇది కాస్త గమనించాలి.

ఇక భయం సంగతి. మీరు చెప్పింది గురువు ఎవరికీ చెప్పకూడదు, మేత్రాణులు (బిషప్పుగారు) అడిగినా కోర్టు అడిగినా అంతే, కావాలని ఎవరి పాపం ఇదీ అని బయటపెడితే ఆ గురువు అప్పటికప్పుడే తిరుసభ నుంచి వెలి అయిపోతాడు, ఇంకెవరూ తీర్పు చెప్పక్కర్లేదు. పైగా వరసగా జనం వస్తుంటే ఎవరు ఏం చెప్పారో రాత్రి భోజనానికి కూర్చునేసరికే మాకు గుర్తుండదు, నమ్మండి. అయినా సిగ్గు పోలేదంటే దానికీ దారుంది, ఈ వారాల్లో పక్క విచారణల ఫాదర్లు ఒకళ్ల గుడికి ఒకళ్లు వెళ్లి కూర్చుంటారు, ఆ డేట్ కనుక్కుని ముఖం తెలియని ఫాదర్ దగ్గరకే వెళ్లండి, మీ ఫాదర్ ఏమీ అనుకోరు.

మోకరించాక 'ఫాదర్, చాలా ఏళ్లైంది, ఎలా చేయాలో మర్చిపోయాను' అని మొదలుపెట్టండి చాలు, మిగతాది ఆయనే నడిపిస్తారు, మనస్తాప జపం రాకపోతే చెప్పిస్తారు. గుర్తున్న పెద్ద పాపాలు, సుమారు ఎన్నిసార్లు చేశారో చెప్పాలి. నిజంగా మర్చిపోయింది ఉంటే దాని గురించి కంగారొద్దు, తర్వాత గుర్తొస్తే వచ్చేసారి చెప్పుకోవచ్చు. కాగితం మీద రాసుకొస్తే తప్పులేదు గానీ అయ్యాక చించేయండి, ఒకాయన చొక్కా జేబులో మర్చిపోతే ఇంట్లో ఆవిడ ఉతకబోతూ మొత్తం చదివిందంట, నిజమో కాదో గానీ నేను నవ్వుకోలేకపోయాను. ఇంకోటి, మీ పాపాలే చెప్పండి. అత్తగారివి, అల్లుడివి, పక్కింటాయనవి చెప్పి మీవి మాత్రం రెండే ఉన్నాయని వెళ్లేవాళ్లు మాకు బోలెడుమంది.

శుభ శుక్రవారం ఆరాధన మొదలయ్యే పది నిమిషాల ముందు మాత్రం వచ్చి నిలబడొద్దు, మట్టలాదివారం లోపు రండి.

ప్రశ్న: మేం గుంటూరు జిల్లా, మిరపకాయలు కల్లాల్లో ఉన్నాయి, రాత్రిళ్లు కాపలా, పొద్దున్నే యార్డుకి టిక్కీలు (మిరప బస్తాలు) తోలాలి. శుక్రవారం సాయంత్రం సిలువ మార్గానికి (ప్రభువు సిలువ మోసిన దారిని స్థలం స్థలంగా ధ్యానించే ప్రార్థనకి) ఒక్కసారీ వెళ్లలేదు. పైగా వేరే చర్చికి వెళ్లే మా ఆడపడుచు, అందులో ప్రభువు ముఖం తుడిచిన వెరోనికమ్మ బైబిల్లో ఎక్కడుంది చూపించు అంటది.

మొదటిదానికి జవాబు, పాపం కాదమ్మా. సిలువ మార్గం మంచి భక్తి, ఆదివారం పూజలాగా తప్పనిసరి కాదు. దానికి ఫాదర్ కూడా అక్కర్లేదు, ఉపదేశిగారు లేకపోయినా పర్లేదు. మీ పిల్లల్లో చదువొచ్చిన వాళ్లెవరైనా ఫోన్లోనో పుస్తకంలోనో చూసి చదివితే కల్లం దగ్గరే రాత్రి పూట చేసుకోండి, పట్టా చుట్టూ తిరుగుతూ 14 స్థలాలు. పక్క కల్లాల వాళ్లు కూడా వచ్చి కలుస్తారు చూడండి. పనికి సెలవు పెట్టి రాలేదని కూలికెళ్లే వాళ్లని ఎవరైనా గద్దిస్తే నాకు నచ్చదు, ఈ కాలంలో ఎండలో వాళ్లు పడేదే పెద్ద సిలువ.

రెండోది. మీ ఆడపడుచు అన్నది నిజమే, వెరోనికమ్మ సువిశేషాల్లో లేదు. ప్రభువు మూడుసార్లు పడ్డం, దారిలో తల్లిని కలవడం కూడా రాసి లేదు. యెరూషలేం వెళ్లొచ్చిన యాత్రికుల భక్తిలోంచి పెరిగిన ప్రార్థన ఇది, 14 స్థలాలు అని లెక్క స్థిరపడింది 1731లో 12వ క్లెమెంట్ పోపుగారి కాలంలో. అన్నీ బైబిల్లోవే కావాలంటే ఆ పద్ధతీ ఉంది, 1991 శుభ శుక్రవారం నాడు రెండో జాన్ పాల్ పోపుగారు రోమ్ కొలోసియం దగ్గర గెత్సేమని తోట నుంచి మొదలయ్యే సిలువ మార్గం నడిపించారు, అందులో ప్రతి స్థలం సువిశేషాల్లోదే. ఈసారి అది చేయండి, ఆడపడుచుని కూడా పిలవండి, వాదన కంటే అది నయం.

ప్రశ్న: మా అత్తగారికి 67 ఏళ్లు, షుగర్. శుభ శుక్రవారం మంచినీళ్లు కూడా ముట్టనంటున్నారు.

ముట్టమనండి. ఉపవాసం నియమం 18 నిండిన దగ్గర్నుంచి 59 నిండేదాకే, జబ్బున్న వాళ్లకి ఏ వయసులోనైనా లేదు. మాంసం మానేయడం 14 నిండిన వాళ్లందరికీ. ఉపవాసం అన్నా ఒక పూట కడుపునిండా, మిగతా రెండు పూటలా కాస్తంత తినొచ్చు, నీళ్ల మీద ఆంక్షే లేదు. ఆమె ఇన్సులిన్ వేసుకుని పస్తుంటే అది భక్తి కాదు, శనివారం తెల్లారేసరికి హాస్పిటల్లో ఉంటారు. ఫాదర్ చెప్పారని చెప్పండి, కోడలు చెప్పిందంటే వినరు.

ప్రశ్న: కొత్త ఫాదర్ వచ్చి గుళ్లో సురూపాలన్నిటికీ (విగ్రహాలన్నిటికీ) ఊదారంగు గుడ్డ కప్పించారు. మరియమ్మ తల్లి ముఖం కనపడక మా నాయనమ్మ ఏడుస్తోంది.

పాత ఆచారమే నాయనా, ఐదో ఆదివారం నుంచి కప్పొచ్చు, కప్పి తీరాలని లేదు. సిలువ మీద గుడ్డ శుభ శుక్రవారం ఆరాధనలో తీస్తారు, మిగతావి శనివారం రాత్రి పాస్కా జాగరణ మొదలయ్యే లోపు. ఫాదర్‌గారు కప్పే ముందు ఆదివారం పూజలో ఒక్క నిమిషం చెప్పుంటే నాయనమ్మకి ఈ బాధ ఉండేది కాదు. ఇంట్లో మరియమ్మ పటానికి ఎవరూ గుడ్డ కప్పమనలేదని చెప్పండి.

ప్రశ్న: పవిత్ర గురువారం, ప్రభువు శిష్యులకి చేసినట్టు, గురువు ఎవరి పాదాలు కడుగుతారో ఆ 12 మందిలో ఆడవాళ్లు ఉండొచ్చా? మా కమిటీ పెద్దలు ఒప్పుకోవట్లేదు.

ఉండొచ్చు. 2016 జనవరిలో ఫ్రాన్సిస్ పోపుగారి నిర్ణయంతో రూలే మారింది, ఆడవాళ్లు, మగవాళ్లు, యువకులు, ముసలివాళ్లు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు, జబ్బు పడ్డవాళ్లు ఎవరినైనా ఎంచుకోవచ్చు, అసలు 12 మందే అని కూడా లేదు. చాలా ఊళ్లలో ఆ కుర్చీలు ప్రతి ఏడూ అవే ఇంటిపేర్లవి, అదొక పదవి అయిపోయింది. గుడి ఊడ్చే ఆమెని, కాలు విరిగి మూల కూర్చున్న ఆటో డ్రైవర్‌ని కూర్చోబెడితే కమిటీకి ఏం పోతుందో నాకైతే తెలీదు. ఎంపిక మాత్రం విచారణ గురువుదే, గొడవ పడకుండా ఆయన్నే అడగండి.

ప్రశ్న: పొలం గట్టు మీద మా అన్నకీ నాకూ కోర్టులో కేసు నడుస్తోంది. నాలుగేళ్లుగా మాటల్లేవు. పాస్కాకి సత్ప్రసాదం తీసుకోవచ్చా?

కేసు ఉండటం పాపం కాదు, న్యాయం అడగడం మీ హక్కు. అన్న నాశనమైపోవాలని కోరుకుంటున్నారా, ఆయన ఇంట్లో చావొచ్చినా గడప తొక్కనని ఒట్టేసుకున్నారా, అది చూసుకోండి, అలాంటిదుంటే పాపసంకీర్తనంలో చెప్పుకుని రావాలి. బలిపీఠం దగ్గర కానుక వదిలేసి ముందు సోదరుడితో సమాధానపడు అని మత్తయి ఐదో అధ్యాయంలో ప్రభువే అన్నాడు గదా. సమాధానపడటం అంటే గట్టు వదిలేసుకోమని కాదు. మట్టలాదివారం గుడి ముందు కనపడతాడు, 'అన్నా, బాగున్నావా' అనండి. ఆయన ముఖం తిప్పుకుంటే అది ఆయన లెక్క, మీరు సత్ప్రసాదానికి రండి. కేసు సంగతి లాయర్లు చూసుకుంటారు.

ప్రశ్న: హైదరాబాద్‌లో జాబ్, ఒక్కరోజే సెలవు దొరికింది. గురువారం, శుక్రవారం, శనివారం... ఏది ముఖ్యం ఫాదర్?

శుక్రవారం ఎలాగూ హాలిడే కదా. గురువారం ప్రభు భోజన పూజ సాయంత్రమే, ఆఫీస్ నుంచి అటే వెళ్లండి. శనివారం జాగరణ చీకటి పడ్డాకే మొదలవుద్ది, పొడుగ్గా ఉంటది, ఏడాది మొత్తంలో దాన్ని మించిన రాత్రి లేదు, దాన్ని మాత్రం వదలొద్దు. ఆ ఒక్క సెలవు సోమవారానికి పెట్టుకుని నిద్రపోండి.