రెండడుగుల తొట్టిలో ఏ చేపలు? ముందు మీ ఇంటి నీళ్లు చూసుకోండి

రెండడుగుల అక్వేరియం కొన్నాం, అందంగా ఉండి చచ్చిపోకుండా ఉండే చేపలు ఏవి అని అడిగారు. ముందు మీ ఇంటికి వచ్చేవి బోరు నీళ్లా, నల్లా నీళ్లా చెప్పండి. నన్నడిగితే సగం జవాబు అక్కడే ఉంది.

మాది నల్లగొండ. మా బోరు నీళ్లు రెండు రోజులు బకెట్లో ఉంటే అంచు చుట్టూ తెల్లటి గీత పడుతుంది, గీజర్ కాయిల్‌కు సున్నం పడుతుంది. మా జిల్లా నీళ్లనగానే అందరూ ఫ్లోరైడ్ మాటే ఎత్తుతారు, ఆ బాధ వేరే, చిన్నదీ కాదు. కానీ చేపల దగ్గర నేను ముందు చూసేది నీటి కాఠిన్యం, అంటే అందులో కలిసిన కాల్షియం, మెగ్నీషియం.

నాలుగేళ్ల కింద మే నెలలో మా పాప పుట్టినరోజుకు హైదరాబాద్‌లో ఒక షాపుకు పోయాం. ఎనిమిది నియాన్ టెట్రాలు, రెండు గోల్డ్ ఫిష్, వేలెడంత షార్క్ పిల్ల ఒకటి కట్టిచ్చాడు. ఇవన్నీ కలిసి ఉంటాయా అంటే, "ఏం గాదన్నా, మస్తుగ ఉంటయ్" అన్నాడు. మీ ఇంట్లో నీళ్లు ఎలాంటివని మాత్రం అడగలేదు. ఎల్బీ నగర్‌లో బస్సెక్కినప్పటి నుంచి పాప ఆ కవర్‌ను ఒళ్లో పెట్టుకుని, ఎండ తగలకుండా చేతిరుమాలు తడిపి కప్పుతూనే ఉంది. ఇంటికి రాగానే తొట్టి నిండా బోరు నీళ్లు పట్టి, చేపలను గుమ్మరించాను. తెల్లారేసరికి మూడు నియాన్లు ఫిల్టర్ గొట్టానికి అతుక్కుని ఉన్నాయి. ఒంటి మీద వెలిగే ఆ నీలం గీత ఆరిపోయి బూడిద రంగుకు తిరిగింది. ఐదో రోజుకు నీళ్లు పాలు కలిపినట్టయ్యాయి, నియాన్లు ఒక్కటి లేదు, గోల్డ్ ఫిష్ పైకొచ్చి గుటకలు మింగుతున్నాయి. పాప ఆ హాల్లోకి రావడమే మానేసింది.

ఎందుకిలా అయిందో తర్వాత తెలుసుకున్నాను. నియాన్లు అమెజాన్ వైపు మెత్తటి నీళ్ల, అంటే కాఠిన్యం తక్కువ ఉన్న నీళ్ల చేపలు, మా సున్నపు నీళ్లు వాటికి పడవు. గోల్డ్ ఫిష్ అసలు చల్లటి నీళ్ల జాతి, పైగా చాలా పెరుగుతుంది, చాలా మురికి చేస్తుంది. ఇక ఆ షార్క్, మన చేపల మార్కెట్‌లో కోసి అమ్మే పంగస్ పిల్లే, మీటరు దాటి పెరిగే చేప. దాన్ని రెండడుగుల తొట్టికి అంటగట్టడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. అన్నిటికంటే పెద్ద తప్పు, కొత్త తొట్టిలో అదే రోజు చేపలు వేయడం. చేపలు వదిలే అమ్మోనియా వాటికే విషం, దాన్ని హాని తక్కువగా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ స్పాంజిని నల్లా కింద రుద్ది కడిగేవాళ్లను చూస్తే గుండె కలుక్కుమంటుంది, తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి.

రెండోసారి చేపలు లేకుండానే ఆరు వారాలు ఫిల్టర్ నడిపాను, రోజూ చిటికెడు మేత వేస్తూ, అది కుళ్లి వచ్చే అమ్మోనియాతో ఆ బ్యాక్టీరియా పెరగాలని. తర్వాత అదే బోరు నీళ్లలో ముందు గప్పీలు, నెల తర్వాత నల్ల మాలీలు మూడు. గట్టి నీళ్లే వాటికి ఇష్టం. ఒక రాత్రి పాప పిలిస్తే పోయి చూశాను, నాచు చాటున ఆవగింజలంత కళ్లతో పిల్లలు, పుట్టిన నిమిషానికే ఈదుతున్నాయి. తల్లే తినేస్తుందని భయపడి గిన్నెతో ఒక్కొక్కటీ తీసింది, పదిహేడు లెక్కపెట్టింది.

రెండడుగుల తొట్టి అంటే అడుగు వెడల్పు, అడుగు ఎత్తుతో దాదాపు 57 లీటర్లు, ఇసుక, రాళ్లు పోగా ఇంకా తక్కువ. అందులో ఐదారు మగ గప్పీలు, లేకపోతే ప్లాటీలు, అంతే. మీకు నల్లా నీళ్లు వస్తుంటే క్లోరిన్ పోగొట్టే మందు వేయకుండా పోయొద్దు. వాస్తు అని ఫ్లవర్ హార్న్, అరోవానా లాంటి పెద్ద చేపలు తెచ్చి ఇంత తొట్టిలో పెట్టేవాళ్ల మాట అసలు వినకండి, అరోవానాకు తిరగడానికే చోటుండదు. మా దగ్గర చలికంటే ఎండాకాలమే టెన్షన్. వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, సరిగ్గా అప్పుడే కరెంట్ పోతుంది. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి కొని పక్కన పెట్టుకోండి.

గాజు శుభ్రం చేస్తుందని సక్కర్ ఫిష్ కూడా అంటగడతారు. అడుగు దాటి పెరుగుతుంది, తొట్టి చాలక జనం దాన్ని చెరువులో వదిలేస్తారు. దాని ముళ్లకు వల తగులుకుంటే చిరిగిపోతుంది, ఆ నష్టం చేపలు పట్టి బతికేవాళ్లది. పానగల్లు ఉదయ సముద్రం చెరువు మాకు దగ్గరే, అందులో అలాంటిది ఒక్కటి కూడా పడకూడదని నా కోరిక. ఎక్కువైన గప్పీ పిల్లలను కూడా వదలకండి, తొట్టి ఉన్న ఇంకొకరికి ఇవ్వండి. మేం మా పాప బడిలో పిల్లలకు ఇస్తున్నాం, ముందు వాళ్లింటి నీళ్లు ఎలాంటివో అడిగి.